వెయ్యినూటపదహారో నంబరు ఫారం

ఆఫీసుల్లో కంప్యూటరు పని చెయ్యబోయే పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగేది ఎప్పుడూ ఒకటే, ఏ కోర్సు చెయ్యాలి అంకుల్ అని. డర్బన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పాతికేళ్లకు పైగా ఆఫీసు తర్వాత ఆఫీసు తిరిగాను. అందులో కోర్సు పనికొచ్చింది వారానికి ఒక పూట. మిగతా పూటలన్నీ మనుషులతోనే గడిచాయి. అందుకని కోర్సుల సంగతి నన్ను అడగకండి. ప్రమోషన్ల గురించి కూడా రాయను. నాకు వచ్చినవి రెండే, రెండూ పక్కసీటు వాడు మానేస్తే వచ్చినవి.

ఇక్కడ రాసేది ఒక ఫారం గురించి. ఒకే ఒక్క పేజీ. దాని కుడివైపు పైమూల ఒక నంబరు ఉండాలి. ప్రింటు చేసే ప్రతి కాపీ మీదా ఆ నంబరు ఒకటి చొప్పున దానంతటదే పెరగాలి. అంతే పని. ఈమాత్రం పనిలో ఒక మనిషి ఉద్యోగం పోగొట్టబోయాను. ఎలాగో చెబుతాను, మీరు ఆ పని చెయ్యకుండా ఉంటారని.

గిన్నెల కొట్టులో నేర్చుకున్నది

మాది రాజమండ్రి. నాన్న, బాబాయిలు, మేనమామ అందరూ కొట్లవాళ్లే. మాది స్టీలు గిన్నెల కొట్టు. నేను నడక నేర్చుకున్నది గిన్నెల దొంతరల మధ్య, మాట నేర్చుకున్నది బేరాల మధ్య. ఇప్పటికీ నాకు ఎవరైనా ధర చెబితే వినపడదు, సగం ధర వినపడుతుంది. పెళ్లిచూపుల్లో కూడా ముహూర్తం విషయంలో బేరమాడానని మా ఆవిడ ఇవాళ్టికీ అందరికీ చెబుతుంది.

మా నాన్నకు ఒక అలవాటుండేది. బిల్లు పుస్తకాలు అచ్చుకిచ్చేటప్పుడు నంబరు ఒకటి నుంచి వెయ్యనిచ్చేవాడు కాదు. వెయ్యినూటపదహారు నుంచి మొదలెట్టమనేవాడు. పెళ్లిలో చదివించినా, గుడికి ఇచ్చినా మనం నూటపదహారో వెయ్యినూటపదహారో అంటాం కదా, అది శుభం. రెండో కారణం శుభానికి సంబంధించింది కాదు. ఒకటో నంబరు బిల్లు చేతిలో పెడితే ఈ కొట్టు నిన్ననే తెరిచారని కొనేవాడికి తెలిసిపోతుంది. వెయ్యి దాటిన నంబరు కనిపిస్తే, ఇంతమంది కొన్నారన్నమాట అని గీచి బేరం ఆడడు. మా వీధిలో సగం కొట్లు ఇదే పని చేసేవి. ఒకటి నుంచి మొదలెట్టడం మాకు పంచె లేకుండా వీధిలోకి రావడం లాంటిది.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు కూడా ఓటేసిన మొదటి ఎన్నికలైన మరుసటి సంవత్సరం నేను డర్బన్ వచ్చాను, ఒక ఏడాది కాంట్రాక్టు మీద. రిజర్వాయర్ హిల్స్‌లో ఒక మామ్మగారింట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ తాతముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరుకు తోటలకు వచ్చినవాళ్లు. ఇంగ్లీషే మాట్లాడేది గానీ, కోపం వచ్చినా ప్రేమ వచ్చినా తెలుగు ముక్కలు దొర్లేవి. నా ఉద్యోగం ఇసిపింగో అనే ఇండియన్ల పేట దాటాక, ఇళ్ల దరఖాస్తులు తీసుకునే ఒక ఆఫీసులో. కొత్త ప్రభుత్వం ఇళ్లు కట్టించి ఇస్తుందన్నారు. మా ఆఫీసు పరిధిలో ఎవరి నంబరు ముందుంటే వాళ్ల కాగితం ముందు కదులుతుంది. అంటే ఆ ఫారం మూలనున్న నంబరే వరుస. రేకుల గుడిసెల్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు ఆ నంబరు ఇంటి తలుపు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

నంబరు వేసే యంత్రాంగం

మేనేజరు పేరు హార్డింగ్. పాత ప్రభుత్వం నుంచి మిగిలిన తెల్లాయన. చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు, టై వదులు చెయ్యడు, రిటైరయ్యేలోగా తన ఆఫీసులో గొడవ కాకూడదనేది ఒక్కటే ఆయన కోరిక. నంబర్లున్న ఫారాలు అచ్చు వెయ్యడానికి ప్రెస్సువాళ్లు మూడు వారాలన్నారు. నేను రెండు రోజుల్లో ఆఫీసు ప్రింటరు మీదే చేసిస్తానన్నాను. ఊరికే అనలేదు. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఈ పని బాగా కుదిరితే దాని సంగతి చూద్దామని ఆయన నోటితో అనిపించుకున్నాకే గదిలోంచి బయటికొచ్చాను.

ఆ రోజుల్లో వర్డ్ ప్రాసెసర్‌కు కాపీ కాపీకీ నంబరు పెంచడం దానంతటదే రాదు. మాక్రో రాసుకోవాలి. అంటే మనం చేత్తో చేసే పనులు వరుసగా రాసిపెడితే అది మన బదులు చేసుకుపోతుంది. నేను ఒక చిన్న ఫైలులో ఒక అంకె దాచాను. మాక్రో ఆ అంకె చదివి ఫారం మూలన గుర్తు పెట్టిన చోట వేస్తుంది, ఒక్క కాపీ ప్రింటుకు పంపుతుంది, మళ్లీ మొదటికొచ్చి పెరిగిన అంకె చదువుతుంది.

మొదటి ప్రయత్నంలోనే బోల్తాపడ్డాను. ప్రింటు చేసే చోట కాపీలు యాభై అని పెట్టేసి టీ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి యాభై కాగితాల మీదా ఒకే నంబరు. యంత్రం లెక్కలో అది ఒకే కాగితం, యాభై సార్లు అడిగారంతే. కాపీల దగ్గర ఎప్పుడూ ఒకటే ఉండాలి, తిరగాల్సింది మాక్రో. దీనికి మీరు నవ్వుకోవచ్చు గానీ, తర్వాత నేను చూసిన ప్రతి కొత్తవాడూ ఈ తప్పు చేశాడు.

రెండో చిక్కు ఎక్కువమంది ఆలోచించనిది. అంకెకు ఒకటి కలపడం ప్రింటుకు ముందా, తర్వాతా? తర్వాత కలిపితే, మధ్యలో కరెంటు పోతే అదే నంబరు మళ్లీ వస్తుంది. ముందు కలిపితే, కాగితం ఇరుక్కున్నప్పుడు ఒక నంబరు వృథా అవుతుంది. నేను ముందే కలిపాను. వరుసలో ఒక నంబరు లేకపోతే ఎందుకు లేదో చెప్పుకోవచ్చు. ఒకే నంబరు ఇద్దరి చేతుల్లో ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఈ ఒక్క నిర్ణయం గురించి ఇప్పటికీ గర్వపడతాను.

ఇక మొదటి అంకె. ఫైలు తెరిచి టైపు చెయ్యబోయాను. చెయ్యి ఒకటి దగ్గరికి పోలేదు. 1116 అని కొట్టాను. ఒక క్షణం కూడా ఆలోచించలేదు. ఎవరినీ అడగలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు. ఆరువందల ఫారాలు తీసి కట్టకట్టి కౌంటరులో థోకోకు అప్పగించాను.

ముందు నిలబడినవాడి ప్రశ్న

థోకో మా కౌంటరు గుమాస్తా. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి ఆడమనిషి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు, ఆరు నెలలు దాటితేగాని ఖాయం కాదు. ఆఫీసులో ఒకరినొకరు జూలూలో భూతి, సిసీ అని పిలుచుకునేవాళ్లం, అన్నా, అక్కా అన్నట్టు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం. నా ఆవకాయ ముక్క ఆమె తినేది, కళ్లమ్మట నీళ్లు పెట్టుకుంటూ ఇంకొకటి అడిగేది. కట్ట తీసుకున్నట్టు ఆమె చేత సంతకం చేయించాను. 'ఫారాల కట్ట ఒకటి' అని మాత్రం రాశాను. ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకూ అని రాయలేదు. బీరువా తాళం ఆమె దగ్గరే ఉండేది.

ఫారాలు ఇచ్చే మొదటిరోజు పొద్దున్నే వరుసలో ముందున్నది డూబే అనే జూలూ పెద్దాయన. రేవులో బరువులు మోసి రిటైరయినవాడు. అందరూ ఆయన్ని బాబా డూబే అనేవారు. ఫారం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పైమూల చూశాడు. వెనక్కి తిరిగి వరుస చూశాడు. మళ్లీ ఫారం చూశాడు.

"అమ్మాయీ, నేను చీకటితో వచ్చాను. నా ముందు ఎవరూ లేరు. మరి ఈ వెయ్యినూటపదిహేను మంది ఎక్కడ నిలబడ్డారు?" అన్నాడు.

థోకో తనకు తెలిసిందే చెప్పింది, కట్టలో మొదటిది ఇదేనని. ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకుని బయట గోడ పక్కన కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే అన్నిటికంటే గట్టిగా వినిపించింది. తర్వాత వచ్చినవాళ్లంతా ఆయన దగ్గర ఆగి, తమ నంబరు చూపించి, ఆయన నంబరు చూశారు. నలభై ముగ్గురు ఫారాలు తీసుకునేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి వాకిట్లో వందమంది గుమిగూడారు. ముందు నంబర్లు ఇసిపింగో ఇండియన్లకు వెళ్లాయని కొందరు, గుమాస్తా తన చుట్టాలకు పంచుకుందని కొందరు. సాయంత్రానికి రెండో మాటే నిలబడింది. తాళం ఎవరి దగ్గరుందో అందరికీ కనిపిస్తోంది కదా.

యంత్రం ఒకటి నుంచే తీసి ఉంటుందని అందరూ అనుకున్నారు, నన్ను ఎవరూ అడగలేదు. నేను లోపల కంప్యూటరు ముందు కూర్చుని ఇదంతా విన్నాను. నోరు తెరవలేదు.

ఎందుకు తెరవలేదో నిజంగా చెబుతాను. మొదట నవ్వొచ్చింది, నాన్న అలవాటు ఇక్కడిదాకా వచ్చిందే అని. తర్వాత భయం వేసింది. శుభమని వెయ్యినూటపదహారుతో మొదలెట్టానంటే హార్డింగ్ ముందు వెర్రివాడినవుతాను. కాంట్రాక్టు కాగితం ఆయన బల్ల మీదుంది. రేపటికి జనం సర్దుకుంటారు, అప్పుడు నెమ్మదిగా చెప్పొచ్చని నాతో నేనే బేరం పెట్టుకున్నాను. నా జీవితంలో ఎంతోమందితో బేరాలాడాను గానీ, నా అంత సులువుగా లొంగినవాణ్ని చూడలేదు.

రెండోరోజు జనం రెట్టింపయ్యారు. ఫారం తీసుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. హార్డింగ్ థోకోను గదిలోకి పిలిచి, బీరువా ఎవరెవరు తెరిచారో రాసిమ్మన్నాడు. ఆమె తన పేరు ఒక్కటే రాసింది, ఎందుకంటే అదే నిజం. ఆ మధ్యాహ్నం కూడా నా పక్కనే కూర్చుంది గానీ డబ్బా మూత తియ్యలేదు. విచారణ అని ఫైల్లో ఒక్క ముక్క పడితే ఉద్యోగం ఖాయం కాదని, కూతురి బడి మధ్యలో ఉందని చెప్పింది. నేను ఆవకాయ సీసా ఆమె వైపు జరిపాను. ఆ క్షణంలో నేను చేసిన సాయం అంతే.

మామ్మగారి వంటింట్లో

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి మామ్మగారు వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. "వాట్ కైండ్ బాబూ?" అంది. ఇక్కడి మనవాళ్లు ఎలా ఉన్నావని అడగడానికి అనే మాట అది. ఇసిపింగోలో ఉన్న చెల్లెలు ఫోను చేసిందట, ఇండియన్లు ముందు నంబర్లు కొట్టేశారని బస్సులో తిడుతున్నారని. ఎవరు చేశారో తెలీదు గానీ వాడి కాళ్లు విరగ్గొట్టాలని కూడా అందట.

ఆ కాళ్లు నావేనని చెప్పాను. మొత్తం చెప్పాను.

ఆవిడ రొట్టె తిప్పడం ఆపేసింది. మా పెళ్లిళ్లలో ఇప్పటికీ నూటపదహారే చదివిస్తామని, ఎందుకో మాత్రం ఎవరికీ గుర్తులేదని అంది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది, ఆవిడ నా వైపే ఉందని. అట్లకాడ నా మీదికి చూపించి అప్పుడు అసలు మాట అంది.

"అది మన ఇంట్ల. ఆళ్లకేటి తెల్సు? నీ వర్క్ నువ్వు సెప్పాల. ఆ గర్ల్ జాబ్ ఫినిష్ అయితే, నువ్వు నా రొట్టె ఎలగ తింటావు?"

తినలేదు. పెట్టింది గానీ తినలేకపోయాను. ఇంకో పూట ఆగితే మరో కారణం దొరుకుతుందని నాకు తెలుసు. పొద్దున్నే ఆఫీసు తెరవకముందే హార్డింగ్ గది ముందు నిలబడాలని ఆ వంటింట్లోనే నిశ్చయించుకున్నాను.

నేను ఓడిపోయిన బేరం

హార్డింగ్ శ్రద్ధగా విన్నాడు. వెయ్యినూటపదహారు ఎందుకో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత కిటికీలోంచి వాకిట్లో జనాన్ని చూస్తూ, నాకు ఇప్పటికీ గుర్తున్న మాట అన్నాడు.

"జనానికి యంత్రం అర్థం కాదు, రావ్. మనిషి అర్థమవుతుంది. ఆమెను పాత కాగితాల గోదాముకు మారుస్తాను. వారంలో సద్దుమణుగుతుంది. నువ్వు చెప్పింది నేను వినలేదు, నీ కాంట్రాక్టు కాగితం మీద ఇవాళే సంతకం పెడతాను."

అడగకుండానే నాకు కావలసినదంతా వచ్చింది. మా నాన్న ఉంటే ఇంతకంటే మంచి బేరం ఉండదనేవాడేమో. నేను వద్దన్నాను. వద్దనడానికి చాలాసేపు పట్టిందని కూడా ఒప్పుకుంటాను. ఆమెను మారిస్తే జనం చెప్పింది నిజమని మనమే సంతకం పెట్టినట్టవుతుందన్నాను. మీరు రిటైరయ్యేదాకా ఆ వెయ్యినూటపదిహేను ఫారాలు ఈ ఆఫీసును వదలవన్నాను. ఆ మాట ఆయనకు తగిలింది. నాకొక పూట కావాలి, ప్రింటరు వాకిట్లోకి కావాలి, పాతవన్నీ రద్దు చేసి జనం ముందే ఒకటి నుంచి మళ్లీ తీస్తానన్నాను.

తప్పు నాదేనని రాతపూర్వకంగా ఇస్తే పూట ఇస్తానన్నాడు. దాని తర్వాత కాంట్రాక్టు సంగతి తన చేతిలో ఉండదని కూడా చెప్పాడు. కూర్చుని రాశాను. బుద్ధి పోలేదు, 'సాంకేతిక కారణాల వల్ల నంబర్లలో తేడా వచ్చింది' అని రాశాను.

ఆ కాగితం పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాను. థోకో ఒక్కతే ఉంది, ఫారాలు తీసుకున్నవాళ్ల పేర్లు రాసే ఖాతా పుస్తకం సర్దుతోంది. నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె నా మొహం వైపే చూసింది.

"రెండు రోజులు," అంది. "రెండు రోజులు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు, భూతి."

"నిజమే సిసీ."

కాగితం తీసుకుని చదివింది. 'సాంకేతిక కారణాలు' అన్న చోట వేలు పెట్టింది. "ఈయన ఎవరు? మన ఆఫీసులో నాకు కనిపించలేదు. నీ పేరు రాయి." కొట్టేసి నా పేరు రాశాను. అయినా ఆమె కాగితం వెనక్కివ్వలేదు. నా దగ్గర చెప్పి ఏం లాభం, అక్కడ చెప్పు అని వాకిలి చూపించింది. కొత్త ఫారాలు తనే పంచుతానని, ఈ కుర్చీలోనే కూర్చుంటానని, అది ఒప్పుకోకపోతే హార్డింగ్‌కూ నాకూ ఇద్దరికీ చెప్పాల్సింది చాలా ఉందని అంది. ఆ ఉదయం బేరం ఎలా ఆడాలో ఆమె దగ్గర చూశాను. ఒక్క ముక్క కూడా తగ్గించలేదు.

వాకిట్లో

బల్ల బయటికి మోశాం. కిటికీలోంచి కరెంటు తీగ లాగాం. కంప్యూటరు, ప్రింటరు ఎండలో పెట్టేసరికి జనం చుట్టూ మూగారు. థోకో నా మాటలు జూలూలో చెప్పింది. నా కాగితం కూడా తనే చదివింది, నా పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

డూబే లేచి బల్ల దగ్గరికొచ్చాడు. ఒకటి ఉండగా వెయ్యినూటపదహారు ఎందుకని అడిగాడు. గిన్నెల కొట్టు సంగతి చెప్పాను. శుభం గురించి చెబితే తల ఊపాడు. ఒకటో నంబరు బిల్లు చూపిస్తే కొత్త కొట్టని తెలిసిపోతుందన్న సంగతి చెప్పేసరికి ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"అంటే కొనేవాళ్లను మోసం చెయ్యడానికి పెట్టిన నంబరు?"

"అవును బాబా."

జనం నవ్వారు. ఆ నవ్వుతో గండం గడిచిందనుకున్నాను. డూబే నవ్వలేదు. మోసం చేసే అలవాటున్నవాడు ఇప్పుడు నిజం చెబుతున్నాడని ఎలా నమ్మాలని అడిగాడు. ఇప్పుడు ఒకటి నుంచి తీస్తావు సరే, ముందే దాచిన ఫారాలు రేపు ఎవరైనా పట్టుకొస్తే?

లేనిదాన్ని లేదని ఎలా చూపిస్తారు? ఫైలు తెరిచి చూపిస్తానన్నాను. ఫైలు నువ్వే రాశావుగా అన్నారు. నిజమే.

జవాబు థోకో చెప్పింది. పాత ఫారాలు ఉన్నాయా లేవా అని కొట్టుకోవడం అనవసరమంది. ఉంటే ఉండనివ్వండి, అవి పనికిరాకుండా చేద్దాం. కొత్త ఫారం కింద ఇప్పుడే, ఇక్కడే, మీరే ఒక మాట పెట్టండి. నిన్నటిదాకా ఎవరికీ తెలియని మాట. ఆ మాట లేని ఫారం ఎవరు తెచ్చినా చెల్లదు. నాకు కంప్యూటరు చదువుంది, ఆమెకు లేదు. ఆ ఉపాయం నాకు రాలేదు, ఆమెకు వచ్చింది.

ఏ మాట పెట్టాలో పదిహేను నిమిషాలు వాదించుకున్నారు. చివరికి ఒక ముసలావిడ, అందరూ గోగో అనే అవ్వ, సియాబోనా అంది. మేం చూస్తున్నాం అని అర్థం. ఫారం అడుగున ఆ మాట నేను టైపు చేశాను. అంకె ఫైలు తెరిచి డూబే ముందు పెట్టాను. ఆయన ఒక్క వేలితో వెతుక్కుని 1 కొట్టాడు.

పాత ఫారాలు ఖాతా పుస్తకంలో పేర్ల వరుసన ఒక్కొక్కరే తెచ్చి థోకో చేతికిచ్చారు. రాని వాళ్ల నంబరు వాళ్ల పేరుకే ఆపి పెట్టింది. ఆమె చింపింది, నేను ప్రింటు చేశాను. ఒకటి వచ్చింది. రెండు వచ్చింది. ఆరు దాకా బాగానే నడిచింది. ఏడో కాగితం సగం బయటికొచ్చి ఇరుక్కుంది.

మూత తీసి కాగితం లాగాను. నలిగి, ఒక అంచు చిరిగి వచ్చింది. మళ్లీ నొక్కితే వచ్చింది ఎనిమిది. ఏడు ఏదని వెనక నుంచి ఒకడు అరిచాడు. ఆ నలిగిన ఏడును థోకో అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకుంది. ఖాతాలో ఏడు ఎదురుగా 'పాడైంది' అని రాసి, కాగితం ఆ పేజీకి గుచ్చి, పక్కన డూబే చేత సంతకం పెట్టించింది. ఏడో మనిషి ఒక బక్కపల్చని నర్సు. తనకు ఎనిమిదెందుకని అడిగింది. నీ ముందు ఆరుగురే ఉన్నారు, అది మారలేదు అంది థోకో. నర్సు ఖాతా చదువుకుని, ఎనిమిది తీసుకుని వెళ్లింది. ఆ తర్వాత ఎవరూ అరవలేదు. అన్నీ సాఫీగా వచ్చుంటే ఇంత నమ్మేవారు కారేమో.

సాయంత్రానికి నా నడుము పడిపోయింది. డూబే వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు. గిన్నెల ధర చెప్పేటప్పుడు మీ నాన్న ఎంత ఎక్కువ చెప్పేవాడని అడిగాడు. సగానికి సగమన్నాను. తక్కువే అన్నాడు.

కొన్ని మాటలు

థోకో ఉద్యోగం రెండు నెలలకు ఖాయమైంది. ఫైల్లో విచారణ అన్న మాట పడలేదు. దాని బదులు నా కాగితం పడింది. నా కాంట్రాక్టు ఏడాదికి కాకుండా మూడు నెలలకు మాత్రం పొడిగించారు. తర్వాత ఆషర్‌విల్‌లో ఒక బడి ఆఫీసులో పని వెతుక్కున్నాను, తక్కువ జీతానికి. బేరమాడాను, ఫలితం లేదు.

చేరబోయే వాళ్లకు చెప్పేది ఇది. నంబరు మొదలయ్యే చోటు మీరు నిర్ణయించేది కాదు, ఆ నంబరుతో బతికేవాళ్లను అడగండి. ఎక్కడ మొదలెట్టారో, ఎక్కడ ఆగారో, మధ్యలో ఏది పాడైందో కాగితం మీద రాసి ఇంకొకరి సంతకం తీసుకోండి. అంకె ఫైలు ఒక్క కంప్యూటరులోనే ఉంచండి. రెండు చోట్ల పెట్టి రెండు వరుసలు నడిపిన ఆఫీసు ఒకటి తర్వాత చూశాను, ఆ కంపు తియ్యడానికి నాకు నెల పట్టింది. ఇక యంత్రం తప్పు అని ఎవరైనా అన్నప్పుడు, వెనక ఒక మనిషి నిలబడి ఉంటాడు, అతన్ని వెతకండి. అది మీరే అయితే రెండు రోజులు ఆగకండి.

హార్డింగ్ గురించి చెడ్డగా రాయాలని లేదు. ఆయన చెప్పింది సగం నిజం, జనానికి యంత్రం కంటే మనిషే ముందు కనిపిస్తాడు. ఏ మనిషి కనిపించాలన్న దగ్గర ఆయన సులువైనదాన్ని ఎంచుకున్నాడు. రెండు రోజులు నేనూ అదే ఎంచుకున్నాను.

ఫారాలు ఇచ్చే చివరి వారంలో ఒక రోజు, మధ్యాహ్నం వరుస పలచబడింది. థోకో కుర్చీలోంచి లేచి, తాళం నా చేతిలో పెట్టి, కాసేపు కూర్చోమంది. నీళ్లు తాగడానికేమో అనుకున్నాను. ఆమె తలుపులోంచి బయటికెళ్లి, చుట్టూ తిరిగి, వరుస చివర నిలబడింది. ఆమె ముందు పదకొండు మంది ఉన్నారు. ఆమె కూడా ఉమ్లాజీ అనే నల్లవాళ్ల బస్తీలో ఎవరి పెరట్లోనో ఒక గది అద్దెకు తీసుకుని కూతురితో ఉంటోందని, ఇంటికి దరఖాస్తు పెట్టుకోవలసిన మనిషేనని నాకు అప్పుడే తెలిసింది. మూడు వారాలు ఆ కట్ట ఆమె ఒళ్లోనే ఉంది.

రమ్మని చెయ్యూపాను. రాలేదు. ఒక్కొక్కరే ముందుకు కదిలి పదకొండు మందీ అయ్యాక వచ్చి కౌంటరు ముందు నిలబడింది. ఫారం ఇచ్చాను. పైమూల నంబరు చూసుకుంది, నాలుగువందల పన్నెండు. అడుగున మాట ఉందో లేదో చూసుకుంది. ఖాతా పుస్తకం నా వైపు తిప్పింది.

"రాయి, భూతి," అంది. "పేరు పూర్తిగా రాయి."

రాశాను. తర్వాత పెన్ను తీసుకుని, వరుసలో మిగతా అందరిలాగే, దాని పక్కన సంతకం పెట్టింది.